మందుల సంచిని చూచువారెవరు?

హైదరాబాదు నగరమునకు పడమట నున్న కొత్తగూడ ఒక తరము క్రిందట చిన్న గ్రామము. 1998లో సమీపమున సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట అది మహానగరములో కలిసిపోయినది. ఉద్యోగములకై వచ్చిన యువకుల వెంట వారి తల్లిదండ్రులును ఇచ్చటికి చేరుచున్నారు.

అట్టి ఒక వృద్ధురాలి మందుల సంచిని ఊహించి చూడవచ్చును. స్వగ్రామమున వైద్యుడు రక్తపు పోటుకు ఎనలాప్రిల్ వ్రాసెను. నగరమున వేరొక వైద్యుడు కాళ్ల వాపు తగ్గుటకు మూత్రము హెచ్చించు మాత్ర నిచ్చెను. మోకాలి నొప్పికి ఆమెయే చీటీ లేకుండ డైక్లోఫెనాక్ కొని వాడుచున్నది. విడివిడిగా మూడును మంచి మందులే. కాని వాపు మాత్ర ఒంటిలోని నీటిని తగ్గించును. నొప్పి మాత్ర మూత్రపిండములోనికి రక్తము తెచ్చు నాళమును కుంచింపజేయును. ఎనలాప్రిల్ రక్తము వెలుపలికి పోవు నాళమును సడలించును. మూడును కూడినప్పుడు వడపోతకు వలసిన పీడనము పడిపోయి మూత్రపిండములు దెబ్బతినవచ్చును. ఇద్దరు వైద్యులలో ఎవరును సంచి మొత్తమును చూడలేదు. మరి చూడవలసినవారెవరు?

పూర్వము కాంపౌండరు చీటీ ప్రకారము మందు కలిపి, సీసాలో పోసి, మోతాదులు తెలియునట్లు కత్తిరించిన కాగితపు పట్టీ అంటించి ఇచ్చెడివాడు. కర్మాగారములలో మాత్రలు తయారగుట హెచ్చిన కొలది కలుపు పని పోయినది. అమ్ము పని మిగిలినది. మన దేశమున రామనాథ చోప్రా అధ్యక్షతన 1930లో ఏర్పడిన ఔషధ విచారణ సంఘము ఈ వృత్తికి శిక్షణయు, నియమములును అవసరమని సూచించెను. 1948లో ఫార్మసీ చట్టము వచ్చెను.

శిక్షణ పొందిన ఫార్మసిస్టు మందు లిచ్చుటయేగాక, రోగి వాడు మందులన్నిటిని సమీక్షింపవలెనను భావము 20వ శతాబ్ది చివర బలపడినది. కొన్ని ప్రభుత్వములు ఆ పనికి వేతన మిచ్చుటకు పూనుకొనెను. ఆస్ట్రేలియాలో 2001 నుండి వైద్యుని సూచనపై ఫార్మసిస్టు రోగి ఇంటికే వెళ్లి మందులు పరిశీలించు ఏర్పాటు కలిగెను. కెనడాలోని ఒంటారియో రాష్ట్రము 2007లో, దీర్ఘవ్యాధులకు మూడు లేక అంతకు మించిన మందులు వాడువారికి ఏటేట ఉచిత సమీక్ష నేర్పరచెను.

ఇంగ్లండు 2005లోనే ఈ మార్గము త్రొక్కినది. అచ్చటి మందుల దుకాణములో ఫార్మసిస్టు రోగితో విడిగా కూర్చుండి మాట్లాడెడివాడు. తరువాతి కాలమున ఒక్కొక్క సమీక్షకు 28 పౌండ్లు, ఒక్కొక్క దుకాణమునకు ఏడాదికి 400 వరకు ప్రభుత్వము చెల్లించెను. అయితే వెల సంఖ్యకే గాని ఫలితమునకు కాదు. సులభముగా దొరకిన రోగులతో లెక్క నింపుచున్నారను విమర్శ వచ్చెను. అపాయ మెక్కువగా గలవారికే సగము సమీక్షలు జరుగవలెనని 2011లో నియమము చేసిరి. తుదకు 2021 మార్చితో ఆ పథకము ముగిసెను. రోగి చరిత్ర మొత్తము అందుబాటులో నుండు వైద్యశాలలకు సమీక్ష తరలినది.

మన దేశమున 2015 నాటి ఫార్మసీ వృత్తి నియమములు ఈ పనిని స్పష్టముగా పేర్కొనుచున్నవి: ఒకే మందు రెండుమారులు పడినదా, మందుకు మందు పడదా, మోతాదు సరియైనదా యని ఫార్మసిస్టు చూడవలెను. కాని ఆ సమీక్షకు దుకాణములకు ప్రభుత్వము వేతన మిచ్చు పద్ధతి ఇంకను ఏర్పడలేదు. రద్దీ దుకాణమున అమ్మిన మందుకే లాభము. అడిగిన ప్రశ్నకు లేదు.

నియమము కాగితము దాటి రావలెనన్న, ఆ పనికి సమయమును, స్థలమును, వేతనమును సమకూర్పవలెను. వేతనమును సంఖ్యకు గాక అవసరమునకు ముడివేయవలెను. అంతవరకు విద్యార్థులు తమ ఇంటి పెద్దలకు ఒక సాయము చేయవచ్చును. వారు వాడు మందులన్నిటిని, చీటీలతో సహా ఒకే సంచిలో చేర్చి, వైద్యునికో, అర్హత గల ఫార్మసిస్టుకో చూపింపవలెను. ఏ మందునైనను తమంతట తాము మాత్రము మానరాదు.