ఇంటి కంప్యూటరుకు డిస్కు డ్రైవు తగిలించిన కథ

తొలినాటి ఇంటి కంప్యూటరులో స్విచ్చి ఆపినంతనే వ్రాసినదంతయు పోయెడిది. క్యాసెట్టు టేపుపై దాచుకొనుట చవకయే గాని, కావలసినది వెదకి తీయుట ఆలస్యము. అమెరికాలో కమొడోర్ కంపెనీవారు 1982లో కమొడోర్ 64 అను యంత్రమును తెచ్చి, దానికి 1541 అను డిస్కు డ్రైవును వేరొక పెట్టెగా అమ్మిరి. డిస్కు ఒక వైపున సుమారు 170 కిలోబైట్లు పట్టును. ఆ పెట్టెలోను ఒక ప్రాసెసరు, 2 కిలోబైట్ల మెమరీ ఉండెను. అనగా రెండు కంప్యూటర్లు ఒక తీగపై మాటాడుకొనుచుండెను.

అయినను నడక మందకొడి. సెకనుకు సుమారు 400 బైట్లే. దీనికి మూలము అంతకుముందరి విక్-20 యంత్రములో నున్నది. అందలి 6522 చిప్పు దోషమువలన సమాచారమును ఒక్కొక్క బిట్టుగా ప్రోగ్రామే పంపవలసి వచ్చెను. పాత సామగ్రితో పొత్తు కుదరవలెనని కొత్త యంత్రములోను అదే పద్ధతి నుంచిరి. గేజి మారు స్టేషనులో సరుకును బస్తా బస్తాగా దించి ఎక్కించుట యెట్టిదో రైల్వే ఉద్యోగులమైన మాకు తెలియును. తరువాత ‘ఫాస్ట్ లోడరు’ ప్రోగ్రాములు వచ్చి, తీగ మార్చకనే వేగము పెంచినవి.

ఆ పాత సాకెట్టుకే నేడు మెమరీ కార్డు పరికరములు తగిలించుచున్నారు. కాని పాత డిస్కులను చదువుటకు పాత డ్రైవే కావలెను. అయస్కాంతపు పూత చెడకముందే అందలి విషయమును కాపీ తీసికొనుట మంచిది. పరాయి సీమలో తాతల మాటను పిల్లల కందించు మన కుటుంబములకు ఈ తొందర క్రొత్తది కాదు.