హిరాటా పట్టుకున్న జబ్బు

"ఇన్సులిన్ సూది ఏమైనా వేసుకున్నారా?" రక్తంలో చక్కెర పడిపోయి, ఇన్సులిన్ మాత్రం విపరీతంగా కనిపించిన రోగిని మేం డాక్టర్లం అడిగే ప్రశ్న ఇది. 1956లో పరిశోధకులు బెర్సన్, యాలో ఇన్సులిన్‌కు యాంటీబాడీలు పుడతాయని చూపించింది సూదులు వేసుకున్నవాళ్లలోనే. అందుకే 1970లో జపాన్ వైద్యుడు యుకిమాసా హిరాటా, ఏనాడూ ఇన్సులిన్ ఎరగని మనిషిలోనూ అవి ఉన్నాయని రాయడం నాకు పెద్ద సాహసంగా తోస్తుంది.

తిన్నాక క్లోమం వదిలిన ఇన్సులిన్‌ను యాంటీబాడీలు పట్టేసుకుంటాయి. చక్కెర దిగదు, క్లోమం ఇంకా వదులుతుంది. కొన్ని గంటలకు, అవసరం తీరాక, పట్టు సడలి అదంతా రక్తంలోకి వచ్చేస్తుంది. చెమటలు, వణుకు, ఒక్కోసారి స్పృహ తప్పడం.

ఇంత ఇన్సులిన్ చూసి, క్లోమంలో కణితి ఉందనుకుని కడుపు కోసిన సందర్భాలున్నాయి. అవి చదివినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఈ జబ్బు వచ్చిన జపాన్ రోగుల్లో పలువురు థైరాయిడ్‌కు మెథిమజోల్ వాడినవారు. మన దేశంలో తిమ్మిర్లకు రాసే ఆల్ఫా లిపోయిక్ ఆమ్లంతోనూ ఈ జబ్బు కనిపించింది. రెండింటిలోనూ గంధకం ఉంది. చాలామందికి మందు ఆపితే కొన్ని నెలల్లో తగ్గుతుంది. ఇలాంటి రోగి వస్తే, స్కానింగ్ రాసేలోపు పాత మందుల చీటీలన్నీ బల్లమీద పరిపిస్తాను.