హక్కు కొండెక్కడం

మా పెద్దమ్మ పేరున ఊళ్ళో ఎకరంన్నర చెలక ఉంది. చాలా ఏళ్ళుగా దాన్ని వేరే ఆయన దున్నుకుంటున్నాడు. ఖాళీ చెయ్యమని పోయినేడు నోటీసు పంపిస్తే, అటువైపు లాయరు నుంచి ఇంగ్లీషులో జవాబొచ్చింది. "ఏం రాసిండో చదివి చెప్పు బిడ్డా" అంది. పన్నెండేళ్ళు దాటింది కాబట్టి ఆమె హక్కు 'ఎక్స్‌టింగ్విష్' అయిపోయిందట. ఆ మాట అప్పటిదాకా నాకు ఆఫీసు గోడకి వేలాడే ఎర్ర సిలిండర్ మీదే పరిచయం. "ఆరిపోయిందని రాశారు పెద్దమ్మా" అన్నాను.

"ఆరిపోతే మళ్ల ముట్టియ్యరాదా?" అంది.

జవాబు చెప్పలేక ఆ క్రియ వెంట పడ్డాను. మూలం లాటిన్‌లో ఉంది. మంటని పూర్తిగా ఆర్పెయ్యడమనే అర్థం. అంతరించిన జీవుల గురించి వాడే 'ఎక్స్‌టింక్ట్' దీని తోబుట్టువే. ఒకప్పుడు ఇంగ్లండులో ఎక్స్‌టింగ్విషర్ అంటే కొవ్వొత్తి మీద బోర్లించే చిన్న లోహపు టోపీ. లండన్‌లో కొన్ని పాత ఇళ్ళ ముందు, కటకటాల దగ్గర, పెద్ద ఇనప గరాటాల్లాంటివి ఇప్పటికీ కనిపిస్తాయి. వీధి దీపాలు సరిగా లేని రోజుల్లో కాగడాలు పట్టుకొచ్చినవాళ్ళు వాటిలో దూర్చి ఆర్పేవాళ్ళు. 1843లో డికెన్స్ రాసిన 'ఎ క్రిస్మస్ కరోల్'లో స్క్రూజ్ తన గతాన్ని చూపించే భూతం నెత్తిన అలాంటి టోపీనే అదిమిపెడతాడు. అయినా అడుగునుంచి వెలుగు నేలమీదికి కారుతూనే ఉంటుంది.

కోర్టు భాషలో మాత్రం వెలుగు కారదు. 1833లో ఇంగ్లండు చేసిన ఒక చట్టం, గడువులోపు దావా వెయ్యని భూయజమాని హక్కు 'ఎక్స్‌టింగ్విష్' అవుతుందని చెప్పింది. అదే మాట బ్రిటిష్ వాళ్ళతో ఇక్కడికొచ్చి, 1908 లిమిటేషన్ చట్టంలో 28వ సెక్షన్‌గా, ఇప్పుడున్న 1963 చట్టంలో 27వ సెక్షన్‌గా ఉంది. నన్ను ఆపేసింది ఈ సెక్షన్ కాదు, అప్పుతో దీనికున్న తేడా. అప్పుకి గడువు దాటితే దావా వేసే దారే మూసుకుపోతుంది, అప్పు చావదు. బాకీదారు మళ్ళీ ఇస్తానని రాసి సంతకం పెడితే ఆ మాట చెల్లుతుంది. అంటే నివురుగప్పిన నిప్పు. భూమి విషయంలో నివురు కూడా మిగలదు, హక్కే పోతుంది. డబ్బిచ్చినవాడి మీద ఉన్న దయ పొలం ఉన్నవాళ్ళ మీద లేదేమిటా అనిపించింది.

ఇంగ్లండు చట్టం నడిచిన ఇంకో దేశంలో ఈ క్రియ ఒకరి ఎకరంన్నరతో ఆగలేదు. 1992లో ఆస్ట్రేలియా హైకోర్టు, ఎడ్డీ మాబో తదితరులు వేసిన కేసులో, తెల్లవాళ్ళు రాకముందు ఆ నేల ఎవరిదీ కాదన్న వాదాన్ని కొట్టేసింది. మూలవాసులకి భూమి మీద హక్కుందని ఒప్పుకుంది. మాబో ఆ తీర్పు వినలేదు, కొన్ని నెలల ముందే పోయాడు. అయితే ప్రభుత్వం తన అధికారంతో ఆ హక్కుని ఆర్పెయ్యగలదని కూడా కోర్టు అంది. పశువుల మేతకి లీజుకిచ్చినంత మాత్రాన హక్కు ఆరిపోయినట్టు కాదని 1996లో విక్ తీర్పు వచ్చేసరికి పెద్ద రైతులు కంగారుపడ్డారు. అప్పటి ఉప ప్రధాని టిమ్ ఫిషర్, కొత్త చట్టంలో బకెట్ల కొద్దీ ఎక్స్‌టింగ్విష్‌మెంట్ ఉంటుందని వాళ్ళకి భరోసా ఇచ్చాడు. మాటకి మూలం మంటలార్పడమని గుర్తుండి బకెట్లన్నాడో, నోటికొచ్చి అన్నాడో! 1998 సవరణ ఏ సందేహానికీ చోటివ్వలేదు: ఆర్పడమంటే శాశ్వతంగా ఆర్పడం, ఆ హక్కు తిరిగి బతకదు అని నిర్వచనమే రాసేసింది. విచిత్రమేంటంటే, మూలవాసులు ఇంకా నివాసముంటున్న కొన్ని రకాల భూముల్లో, పాత ఆర్పుడుని లెక్కలోకి తీసుకోవద్దనే సెక్షన్లు కూడా అదే చట్టంలో ఉన్నాయి.

మనవాళ్ళు దీపం ఆరిపోయిందని నోటితో అనరు. కొండెక్కిందంటారు. అశుభం పలకకూడదని. ఎక్కింది ఎప్పుడో దిగొస్తుందన్న ఆశ కూడా అందులో ఉందని నా అనుమానం. సెక్షన్ 27ని తెలుగులోకి తేవాలంటే ఆ మాట పనికిరాదు.

పెద్దమ్మకి ఇదంతా చెప్పలేదు. మా లాయరు చెప్పిన ఒక్కటే చెప్పాను: యజమాని అనుమతితో దున్నుకునేవాడికి పన్నెండేళ్ళ లెక్క మొదలవ్వదు. "మొదలు కౌలుకే ఇచ్చిన కదరా" అంది వెంటనే. మొదటి రెండేళ్ళ కౌలు ముట్టినట్టు కాగితం రాసుకున్నారట. ఇప్పుడు దానికోసం ట్రంకుపెట్టెలన్నీ బోర్లించి వెతుకుతోంది.