గంట మోగకముందే మొదలయ్యే పని
పడమటి మండలాల ప్రజాజీవితంలో అగ్నిమాపక కేంద్రాలు

మదనపల్లె: వేసవి వచ్చిందంటే పడమటి మండలాల్లో రెండు వాహనాల కోసం జనం ఎదురుచూస్తారు. ఒకటి తాగునీటి ట్యాంకరు, రెండోది అగ్నిమాపక శకటం. రెండూ మోసుకొచ్చేది నీటినే. మొదటిది ఆలస్యమైతే బిందెలు నిండవు. రెండోది ఆలస్యమైతే ఇల్లే మిగలదు.

ఎర్రటి ఫైరింజను గంట మోగించుకుంటూ వెళ్తుంటే పక్కకు తప్పుకుని చూడటం అందరికీ అలవాటే. అది తిరిగి కేంద్రానికి చేరాక అక్కడి సిబ్బంది ఏం చేస్తారన్నది మాత్రం చాలామందికి తెలియదు. మంట ఆర్పడం వారి విధుల్లో ఒక భాగం మాత్రమే. మంట పుట్టకుండా చూడటం, పుట్టిన మంటకు కారణం రాసిపెట్టడం, బావిలో పడిన ప్రాణిని పైకి తీయడం, వరదలో చిక్కినవారిని ఒడ్డుకు చేర్చడం కూడా వారి విధులే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లోని అగ్నిమాపక కేంద్రాలను ఈ దృష్టితో చూడవలసిన అవసరం ఉంది.

మద్రాసు నుంచి వచ్చిన వారసత్వం

చిత్తూరు జిల్లా 1911లో మద్రాసు రాజధానిలో ఏర్పడింది. అంతకు మూడేళ్ల ముందే, 1908లో, మద్రాసు నగరంలో అగ్నిమాపక దళం రూపుదిద్దుకుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడే వరకు ఈ ప్రాంత పాలనకు మద్రాసే కేంద్రం. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల అగ్నిమాపక వ్యవస్థలు ఒకే గొడుగు కిందికి వచ్చాయి. 1999లో రాష్ట్రం ప్రత్యేకంగా అగ్నిమాపక సేవల చట్టం చేసుకుంది. ఆ తరువాత శాఖ పేరులో విపత్తు స్పందన అనే మాట కూడా చేరింది. పేరుతోపాటు బాధ్యతల పరిధి కూడా విస్తరించింది.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. వాటి వెనుక ఒక విషాదం ఉంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో నిలిచిన ఫోర్ట్ స్టికిన్ అనే నౌకలో మంటలు చెలరేగాయి. అందులో పత్తి బేళ్లు, పేలుడు పదార్థాలు కలిపి నింపి ఉన్నాయి. ఆర్పేందుకు వెళ్లిన సిబ్బంది పనిలో ఉండగానే నౌక పేలిపోయింది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది అమరులయ్యారు. అంటుకునే సరుకును, పేలే సరుకును ఒకచోట ఉంచరాదన్న పాఠాన్ని దేశం అంత మూల్యం చెల్లించి నేర్చుకుంది. పట్టణాల్లోని గోదాములకు ఆ పాఠం నేటికీ వర్తిస్తుంది.

నగరానికీ మనకూ తేడా

చెన్నై, బెంగళూరు, హైదరాబాదు వంటి నగరాల్లో ఒక కేంద్రం నుంచి శకటం ఆలస్యమైతే పక్క కేంద్రం నుంచి మరొకటి వస్తుంది. ఎత్తయిన భవనాల కోసం నిచ్చెన వాహనాలు ఉంటాయి. అక్కడి సమస్య వాహనాల రద్దీ. పడమటి మండలాల సమస్య దూరం.

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం పట్టణాలను 42వ నంబరు జాతీయ రహదారి కలుపుతోంది. రహదారి మీద శకటం వేగంగానే వెళ్తుంది. అయితే కాలే ఇళ్లు, వాములు రహదారి పక్కన ఉండవు. మదనపల్లె నుంచి నిమ్మనపల్లె, రామసముద్రం వైపు, పుంగనూరు నుంచి చౌడేపల్లె, సోమల వైపు, కుప్పం నుంచి గుడుపల్లె, శాంతిపురం, రామకుప్పం వైపు ఉన్న పల్లెలకు వెళ్లాలంటే మలుపులు, గుట్టలు, చెరువు కట్టలు దాటాలి. 25 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లినా అరగంట పడుతుంది. ఎండిన బోదగడ్డి కప్పిన కొట్టం బూడిద కావడానికి అంత సమయం అక్కర్లేదు.

దూరం తరువాత చూడవలసింది నీటి లెక్క. సాధారణ అగ్నిమాపక శకటం దాదాపు 4,500 లీటర్ల నీటిని మోస్తుంది. నిమిషానికి 450 లీటర్ల చొప్పున చిమ్మితే పది నిమిషాల్లో తొట్టి ఖాళీ అవుతుంది. ఆపై మళ్లీ నింపుకోవాలి. చెరువులో నీరుంటే శకటానికి ఉన్న పంపుతోనే తోడుకోవచ్చు. చెరువు ఎండితే రైతు బోరుబావే దిక్కు. కరెంటు లేని వేళ ఆ దారీ మూసుకుపోతుంది. చెరువులు నిండిన ఏడాది సేద్యానికే కాదు, ఊరి భద్రతకూ మంచి ఏడాది అనడం అందుకే.

ఎక్కడ ఏది అంటుకుంటుంది?

మూడు పట్టణాలదీ ఒకే రకమైన ముప్పు కాదు. మదనపల్లెలో పెద్ద టమోటా మార్కెట్టు ఉంది. గుట్టలుగా పేర్చే ప్లాస్టిక్ క్రేట్లు ఒకసారి అంటుకుంటే మంట కన్నా ముందు నల్లటి విషపు పొగ మనిషిని పడగొడుతుంది. నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గాలున్న ఇళ్లలో నూలు, పట్టు, చెక్క సామగ్రి, విద్యుత్ తీగలు ఒకే గదిలో ఉంటాయి. ఆ ఇంటికి మగ్గమే జీవనాధారం. అది కాలితే బతుకుతెరువూ దానితోపాటే పోతుంది. సమీపంలోని హార్స్‌లీ హిల్స్‌తోపాటు చుట్టుపక్కల గుట్టల మీద ఎండుగడ్డికి వేసవిలో నిప్పు అంటుకోవడం మరో బెడద. ఒక బీడీ ముక్క చాలు. అడవిలో మంటలను అదుపు చేసే ప్రధాన బాధ్యత అటవీ శాఖదే అయినా, అవి ఊళ్ల వైపు దిగితే అగ్నిమాపక సిబ్బంది వెళ్లక తప్పదు.

పుంగనూరు చింతపండు వ్యాపారానికి పేరున్న ఊరు. పొట్టి ఆవులకు పుట్టినిల్లు. గోనెసంచులు నింపిన గోదాములు, ఇళ్ల పక్కనే వేసిన గడ్డివాములు అక్కడి బలహీనత. గడ్డివామి కాలితే నష్టం గడ్డితో ఆగదు. ఏడాది మేత పోతుంది. మేత లేక పశువును సంతకు తోలవలసి వస్తుంది. చెరకు పండే పల్లెల్లో గానుగల వద్ద ఆరబోసిన పిప్పి కూడా ఇట్టే అంటుకుంటుంది.

కుప్పం ప్రాంతంలో పట్టుపురుగుల పెంపకం, గ్రానైట్ పని రెండూ ఉన్నాయి. పురుగులు గూళ్లు కట్టే వెదురు చంద్రికలు ఎండిన పుల్లలతో సమానం. క్వారీల వద్ద పేలుడు పదార్థాల నిల్వకు ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. ద్రావిడ విశ్వవిద్యాలయం, వైద్య కళాశాల వచ్చాక వసతి గృహాలు, బహుళ అంతస్తుల భవనాలు పెరిగాయి. ఊరు నగరం పోకడ పడుతున్నప్పుడు ముప్పు కూడా అదే పోకడ పడుతుంది.

కాగితం మీద కాపాడే శాఖ

గంట మోగకముందు జరిగే పనిలో ముఖ్యమైనది నిరభ్యంతర పత్రం. 15 మీటర్ల పైబడిన వాణిజ్య భవనాలు, 18 మీటర్లు, ఆపై ఎత్తున్న నివాస భవనాలు, 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గాని, 6 మీటర్లు, ఆపై ఎత్తులో గాని కట్టే పాఠశాలలు, సినిమాహాళ్లు, కల్యాణ మండపాలు వంటివాటికి అగ్నిమాపక శాఖ అనుమతి ఉండాలని 1999 చట్టం నిర్దేశించింది. మెట్లు ఎన్ని, వెడల్పు ఎంత, శకటం చుట్టూ తిరగడానికి దారి ఉందా, నీటి తొట్టి ఉందా అన్నవి ఈ దశలోనే చూస్తారు.

ఈ పత్రాన్ని కొందరు యజమానులు ఖర్చుగా, కొందరు అడ్డంకిగా భావిస్తారు. దాని విలువ తెలియాలంటే తమిళనాడులోని కుంభకోణాన్ని గుర్తు చేసుకోవాలి. 2004 జులై 16న అక్కడి పాఠశాలలో వంటశాల కప్పు నుంచి లేచిన మంట తరగతి గదులపైనున్న పూరికప్పుకు పాకింది. ఇరుకు దారి వల్ల బయటపడలేక 94 మంది చిన్నారులు మరణించారు. ఢిల్లీ ఉపహార్ సినిమాహాలులో 1997 జూన్ 13న 59 మంది ప్రాణాలు కోల్పోయారు. అక్కడ చాలామందిని బలిగొన్నది పొగ. 2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్ వద్ద ఇరుకైన ఇంట్లో 17 మంది మరణించారు. ఊర్లు వేరు, ఏళ్లు వేరు. బయటపడే దారి లేకపోవడం మాత్రం అన్నిచోట్లా ఒక్కటే.

దీపావళికి వెలిసే తాత్కాలిక బాణసంచా దుకాణాల విషయంలోనూ అంతే. 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం దుకాణాలను మంటలకు అంటుకోని సామగ్రితో కట్టాలి. ఒకదానికొకటి కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి. ఎదురెదురుగా పెట్టరాదు. లోపల నూనె దీపం వెలిగించరాదు. వీటిని ఏర్పాటు చేసే మైదానానికి వెళ్లినప్పుడు కొలిచి చూసుకునే హక్కు కొనుగోలుదారుకూ ఉంది.

దస్త్రాలు కాలిన రాత్రి

మంట ఆరిన తరువాత శాఖ పాత్ర ఏమిటో మదనపల్లె ప్రజలకు 2024 జులై 21 రాత్రి తెలిసివచ్చింది. సబ్‌కలెక్టర్ కార్యాలయంలో చెలరేగిన మంటల్లో దస్త్రాలు దగ్ధమయ్యాయి. మరుసటి రోజే రాష్ట్ర డీజీపీ మదనపల్లెకు వచ్చి పరిశీలించారు. ఇది యాదృచ్ఛికంగా జరిగినది కాకపోవచ్చునని పోలీసు ఉన్నతాధికారులు ప్రాథమికంగా అభిప్రాయపడ్డారు. అనంతరం కేసు సీఐడీకి వెళ్లింది. దోషులెవరన్నది తేల్చవలసింది న్యాయస్థానం.

రైతుకు సంబంధించినంతవరకు ఆ కార్యాలయంలోని కాగితం భూమితో సమానం. ఇల్లు కాలితే ఒక కుటుంబం వీధిన పడుతుంది. రికార్డు గది కాలితే ఎన్ని కుటుంబాల హక్కు ప్రశ్నార్థకమవుతుందో లెక్క కట్టలేం. ఇటువంటి సందర్భంలో ఫోన్ ఎప్పుడు వచ్చింది, శకటం ఎప్పుడు చేరింది, వెళ్లేసరికి మంట ఎక్కడ ఉంది, తలుపులు ఎలా ఉన్నాయి అన్న వివరాలు దర్యాప్తుకు ఆధారమవుతాయి. పూరిల్లు కాలిన కూలీకి సాయం అందాలన్నా, దుకాణదారుకు బీమా సొమ్ము రావాలన్నా రెవెన్యూ పంచనామాతోపాటు అగ్నిమాపక కేంద్రం నివేదిక అక్కరకొస్తుంది. మంట తమకు తామే ఆర్పేసినా కేంద్రానికి సమాచారం ఇవ్వాలని చెప్పేది ఇందుకే.

మంటలే కాదు

పాడుబావిలో పడిన ఆవును తాళ్లు కట్టి పైకి తీయడం, బావిలో దిగి ఊపిరాడక చిక్కుకున్నవారిని రక్షించడం, ప్రమాదానికి గురైన వాహనంలో ఇరుక్కున్నవారిని బయటకు తీయడం సిబ్బందికి పరిపాటి. 2020లో కరోనా వేళ ఇవే శకటాలు రాష్ట్రంలోని పట్టణాల వీధుల్లో క్రిమిసంహారక ద్రావణాన్ని చల్లాయి. 2021 నవంబరు వరదల్లో ఉమ్మడి చిత్తూరు, కడప జిల్లాల్లో సహాయక చర్యల్లో అగ్నిమాపక సిబ్బంది పాల్గొన్నారు. 2022లో జిల్లాల పునర్విభజనతో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లగా, పుంగనూరు, కుప్పం చిత్తూరు జిల్లాలో నిలిచాయి. సరిహద్దులు మారినా మంటకు జిల్లా ఉండదు. దగ్గరి కేంద్రం నుంచి శకటం బయలుదేరాలన్నదే ఇక్కడ పాటించవలసిన నియమం.

శకటం వచ్చేలోగా

దూరం ఎక్కువైన చోట మొదటి అరగంట ఊరివారిదే. ఈ కింది జాగ్రత్తలు అందరూ తెలిసి ఉండాలి.

- 101కు గాని, 112కు గాని వెంటనే ఫోన్ చేయాలి. ఊరు, మండలం, దగ్గరి గుర్తు, ఏది కాలుతోందన్నది స్పష్టంగా చెప్పాలి. ఒకే పేరున్న పల్లెలు చాలా ఉన్నందున మండలం పేరు తప్పనిసరి. స్థానిక కేంద్రం నంబరును పంచాయతీ గోడ మీద రాయించుకోవాలి.
- రహదారి మలుపు వద్ద ఒకరు నిలబడి శకటానికి దారి చూపాలి.
- విద్యుత్ మంట అయితే ముందు మెయిన్ ఆపాలి. కరెంటు ఉండగా నీళ్లు చల్లరాదు.
- కాగే నూనె అంటుకుంటే నీళ్లు పోయరాదు. పొయ్యి ఆర్పి, మూత పెట్టి గాలి అందకుండా చేయాలి.
- వంటగ్యాసు గాలి కన్నా బరువైనది. లీకైతే నేల మీద పరుచుకుంటుంది. స్విచ్ వేయకుండా, తీయకుండా, తలుపులు తెరిచి బయటకు రావాలి.
- పొగ నిండిన గదిలో నిలబడరాదు. తడిగుడ్డ ముక్కుకు అడ్డుపెట్టుకుని, నేలకు వంగి పాకుతూ వెలుపలికి రావాలి.
- ఒంటిమీద బట్టలు అంటుకుంటే పరుగెత్తరాదు. నేల మీద దొర్లాలి, లేదా మందపాటి దుప్పటి చుట్టాలి. కాలిన చోట చల్లని నీరు పోయాలి.
- గడ్డివాములను ఇళ్లకు, విద్యుత్ తీగలకు దూరంగా, విడివిడిగా వేసుకోవాలి.

ఆస్పత్రి ఉన్న ఊరిలో మందులున్నాయా అని అడుగుతాం. పాఠశాల ఉన్న ఊరిలో ఉపాధ్యాయులున్నారా అని అడుగుతాం. అగ్నిమాపక కేంద్రాన్ని మాత్రం మంట లేచినప్పుడే తలుచుకుంటాం. శకటం పాతదా కొత్తదా, సిబ్బంది సరిపడా ఉన్నారా, నీరు నింపుకోవడానికి శాశ్వత వనరు ఉందా అన్న ప్రశ్నలు మున్సిపల్ సమావేశాల్లో, మండల సమావేశాల్లో చర్చకు రావాలి. వారోత్సవాల్లో సిబ్బంది చేసే ప్రదర్శనను చూసి చప్పట్లు కొట్టి వెళ్లే బదులు ఈ ప్రశ్నలు అడిగితే, ఏదో ఒక పల్లెలో ఒక ఇంటి కప్పు నిలబడుతుంది.