దిగు: ఓడ నుంచి ఒడ్డుకు

జగిత్యాల జిల్లా గొల్లపల్లికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా ఓడ విడిచి నేల మీద కాలు పెట్టడాన్ని చెప్పే క్రియ ఇక్కడ పొద్దున లేస్తే వినిపిస్తుంది. బస్సు దిగిండు, బాయిల దిగిండు, దుబాయిల దిగిండు. ఇంగ్లీషువాళ్ల ‘డిసెంబార్క్’ 16వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని కడుపులో ‘బార్క్’ అనే పడవ ఉంది. విమానం దిగేవాళ్లకూ ఇప్పుడు ఆ పడవ మాటే వాడుతున్నారు. మన దిగులో పడవ లేదు, బండి లేదు. పైనుంచి కిందికి రావడం ఒక్కటే ఉంది.

పాత తెలుగులో దీని రూపం డిగు, డిగ్గు. కన్నడంలో ఇళి, తమిళంలో ఇఴి దీనికి తోబుట్టువులు. మొదటి అచ్చు వెనక్కి జరిగి, వెనకున్న హల్లు ముందుకు రావడం తెలుగుకు పాత అలవాటే. తమిళ ఇరండు మన దగ్గర రెండు అయింది. ఈ మార్పుల తీరును భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి శాస్త్రీయంగా వివరించారు.

ఈ క్రియకు జంట దించు. తన కాళ్ల మీద వచ్చినవాడు దిగుతాడు, ఇతరుల చేతుల్లో వచ్చినదాన్ని దించుతారు. ఓడరేవుల చరిత్ర అంతా ఈ రెండు మాటల మధ్యే నడిచిందని నా నమ్మకం.

ఆ చరిత్ర గొల్లపల్లికి మరీ దూరం కాదు. జగిత్యాల జిల్లాలోనే గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో తొలి శాతవాహనుల నాణేలు దొరికాయి. ఆ వంశపు చివరి రాజుల్లో ఒకడైన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద తెరచాప ఓడ ఉంది. ఇక కాకతీయుల కాలానికి వస్తే మోటుపల్లి రేవు కనిపిస్తుంది. తుపానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా వెనకటి రాజులు లాక్కునేవారు. గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ అభయశాసనం వేయించి, సుంకం తప్ప మరేమీ తీసుకోనని మాట ఇచ్చాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. ప్రాణాలతో ఒడ్డున పడ్డ పరాయివాడి సొత్తు అతనిదేనన్న ఆ మాట ఎంత పెద్దదో!

రేవులో సరుకు దిగితే దిగుమతి, ఓడకెక్కితే ఎగుమతి. తమిళంలోనూ ఇదే పోకడ: ఇరక్కుమతి, ఏట్రుమతి.  ఈ మాటలకు వాడుకలోని క్రియలే చాలాయి.

తర్వాత సరుకుల దారిలోనే మనుషులు వెళ్లారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్ చేరింది. అందులోని కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. ఒప్పందం రాయించుకుని చెరకు తోటల కోసం తెచ్చిన ఆ మనుషులు దిగారనాలా, దించారనాలా? నాకైతే రెండోదే సరైనదనిపిస్తుంది.

ఉమ్మడి కరీంనగర్ పల్లెలకు రేవు అంటే బొంబాయి. తెలుగు కూలీలైన కామాఠీల పేరుతోనే అక్కడ కామాఠీపుర వెలిసింది. బొంబాయి నుంచి గల్ఫ్ రేవులకు ప్రయాణికులను చేరవేసిన ‘ద్వారక’ ఓడ 1982లో ఆగిపోయింది. అప్పటికే చమురు డబ్బుతో ఎడారిలో పట్టణాలు లేస్తున్నాయి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుంచి మగవాళ్లు విమానాల్లో తరలిపోతున్నారు. వాహనం మారినా క్రియ మారలేదు. ‘దిగిండట’ అని ఫోన్ వస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక బొంబాయి మజిలీ చాలామందికి తప్పింది. కానీ గుండె ఆగి, ప్రమాదంలో పడి గల్ఫ్‌లోనే పోయినవాళ్లు కూడా అదే దారిన వస్తున్నారు. వాళ్ల గురించి ఊళ్లో ఎవరూ ‘దిగిండు’ అనరు. ‘పెట్టె దించుకున్నం’ అంటారు.