ఫుజి నది దగ్గర మారే కరెంటు

జపాన్‌లో కరెంటుకొక సరిహద్దు ఉంది. పసిఫిక్ వైపు ఫుజి నది నుంచి అవతలి తీరంలోని ఇతొయిగవ పట్టణం దాకా గీత గీస్తే, దానికి తూర్పున కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, పడమర 60. వోల్టేజీ మాత్రం అంతటా 100.

ఇది ఏ ప్రభుత్వమూ పనిగట్టుకుని గీసిన గీత కాదు. 1895 ప్రాంతంలో టోక్యో విద్యుద్దీపాల కంపెనీ జర్మనీలోని ఏఈజీ నుంచి 50 హెర్ట్జ్ జనరేటర్లు తెప్పించింది. ఒకటి రెండేళ్లకే ఒసాకా కంపెనీ అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ దగ్గర 60 హెర్ట్జ్‌వి కొన్నది. ఎవరి ఊరికి వారు దీపాలు పెట్టుకున్నారు, అంతే. చుట్టుపక్కల ఊళ్లు ఆ తీగలకే తగులుకుంటూ పోయాయి.

తర్వాతైనా ఒకటి చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. మన పొలంలో బోరు మోటారునే తీసుకోండి. 50 హెర్ట్జ్ మీద అది నిమిషానికి సుమారు 2,900 చుట్లు తిరుగుతుంది. 60 ఇస్తే దాదాపు 3,500. వేగం పెరిగేది ఐదో వంతే అయినా పంపు లాగే భారం 70 శాతం దాకా పెరుగుతుంది. వైండింగు ఎన్నాళ్లు తట్టుకుంటుంది? ఒక ప్రాంతానికి ఫ్రీక్వెన్సీ మార్చడమంటే అక్కడి జనరేటర్లతో మొదలుపెట్టి ఫ్యాక్టరీలో చివరి మోటారు దాకా సరిచూసుకోవడం. ఆ ఖర్చు తలకెత్తుకునేదెవరు?

అందుకే సర్దుకుపోయారు. 1964లో మొదలైన టోక్యో–ఒసాకా బుల్లెట్ రైలుకు దారి పొడవునా 60 హెర్ట్జే ఇచ్చారు. టోక్యో వైపు అందుకోసమే కన్వర్టర్లు పెట్టారు. మరుసటి ఏడు సకుమాలో రెండు వైపుల గ్రిడ్‌లను కలిపే తొలి ఫ్రీక్వెన్సీ మార్పిడి కేంద్రం వచ్చింది. అక్కడ ఏసీని డీసీగా మార్చి, మళ్లీ రెండో ఫ్రీక్వెన్సీ ఏసీగా పంపుతారు. దాని సామర్థ్యం 3 లక్షల కిలోవాట్లు.

2011 మార్చిలో భూకంపం, సునామీ వచ్చి ఫుకుషిమా అణు కేంద్రంతో పాటు తూర్పున ఎన్నో విద్యుత్ కేంద్రాలు ఆగిపోయాయి. పడమటి కేంద్రాలు నడుస్తూనే ఉన్నాయి. కానీ గీత దాటించగలిగింది 10 లక్షల కిలోవాట్లే. వేసవిలో 6 కోట్ల కిలోవాట్లు వాడిన చరిత్ర ఉన్న టోక్యో ప్రాంతానికి అది ఏ మూలకు? వంతులవారీ కోతలు పెట్టారు. దేశంలో ఒక పక్క కరెంటు ఉండి కూడా, అంత కష్టంలో ఉన్న మనుషులకు చాలినంత చేరలేదన్నది నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

2021లో హిదా–షినానో లైను వచ్చాక దాటించే సామర్థ్యం 21 లక్షల కిలోవాట్లయింది. దాన్ని 30 లక్షలకు పెంచే పని చేపట్టారు. గీత మాత్రం ఫుజి నది దగ్గరే ఉంది.