క్షురకత్తి పిడియు, మన సీమ కొమ్ముపనియు

రజతోత్సవ సంచికలలో కోటల చరిత్రయు, సంస్థానాధీశుల దానధర్మములును తరచుగా ప్రకటింపబడుచుండును. 1757 నాటి బొబ్బిలి యుద్ధము మన పాఠకులకు కంఠస్థమే. ఈ వ్యాసమునకు విషయమైన వస్తువు అంత గొప్పది కాదు. అది జానెడైన లేని కత్తిపిడి. మంగలకత్తి యని మన పెద్దలు పిలిచెడి క్షురకత్తికి అలుగు ఒకటి, అది మడిచినపుడు ఇమిడియుండు పిడి ఒకటి. అలుగు మంచి ఉక్కుదైనచో రెండు మూడు తరములు నిలుచును. పిడి అంతకాలము నిలువదు. నేలబడి పగులును, తడికి వంకరపోవును, పురుగు తినును. కావున ఒక పాత కత్తి చరిత్ర యనగా దానికి మార్చిన పిడుల చరిత్రయే.

మన సీమలో క్షురము ప్రాచీనమైనది. వంశధార యొడ్డున సాలిహుండము, విజయనగరమునకు చేరువనున్న రామతీర్థము బౌద్ధారామములై వెలసినవి. భిక్షువులు శిరోముండనము చేసికొనవలసినవారు. క్షురమును, దానిని నూరు రాతిని, దాచు ఒరను ఉంచుకొనుటకు వినయపిటకము వారికి అనుమతి నిచ్చినది. ఆ వినయమును ప్రథమ సంగీతియందు చెప్పిన ఉపాలి పూర్వాశ్రమమున క్షురకుడే. సాలిహుండపు శిథిలములను 1919లో గుర్తించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. (వ్యావహారిక భాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని ఇట్టి గ్రాంథిక వాక్యములలో స్మరించుట ఆయనకు రుచించెడిది కాదేమో!)

పంతులుగారు ఉపాధ్యాయులుగా పనిచేసిన పర్లాకిమిడియే మన విషయమునకు ముఖ్యస్థానము. పాతపట్నమునకు పొరుగుననున్న ఆ పట్టణము 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమున చేరెను. అంతకు పూర్వము మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో నుండెను. అచ్చటి మహారాణా శిల్పులు కొమ్ముతో దువ్వెనలు, చేతికర్రలు, పక్షులు, జంతువుల బొమ్మలు చేయుటలో ప్రసిద్ధులు. దక్షిణమున విశాఖపట్టణము మరియొక స్థానము. చందనపు చెక్కపై దంతపు రేకులు తాపి, గీతలు చెక్కి, నల్లని లక్కతో నింపిన అచ్చటి పెట్టెలు సీమకు ఎగుమతి యయ్యెను. దంతముతోపాటు గేదె కొమ్ము, తాబేటి చిప్ప, ముండ్లపంది ముండ్లు కూడ ఆ పనివారు వాడిరి. లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో ఆ పెట్టెలను నేటికిని చూడవచ్చును. చరిత్రకారులు పెట్టెను వర్ణించినంత శ్రద్ధతో పిడిని వర్ణింపలేదు. పెట్టె దొరసానుల సూదిదారములు దాచినది. పిడి క్షురకుని పొదిలోనుండి ఊరందరి ముఖములను చూచినది. రెండింటిలో ఏది మనకు దగ్గరిదో పాఠకులే యెరుగుదురు.

కొమ్ము యన నేమి? గోరును, వెంట్రుకయు ఏ పదార్థమో అదియు ఆ పదార్థమే. అందుచేతనే దానిని కాల్చినచో వెంట్రుక కాలిన వాసన వచ్చును. కొమ్ము కొన గట్టిది, మొదలు బోలుగా నుండును. బోలు భాగమును కోసి, మరుగునీట నుంచి, మెత్తబడిన పిమ్మట రెండు పలకల నడుమ బరువుతో అణచవలెను. పూర్తిగా చల్లారువరకు బరువు తీయరాదు. తీసినచో కొమ్ము తన పూర్వపు వంపును జ్ఞప్తికి తెచ్చుకొనును. అట్లు చదునైన పలకనుండి రెండు బద్దలు కోసి, ఆకురాతితో రాచి, గాజుపెంకుతో గీకి, బొగ్గుపొడియు నూనెయు కలిపి మెరుగు పెట్టుదురు.

పాత పిడిని విప్పుటలో తొందర పనికిరాదు. చీల తలను ఆకురాతితో అరగదీసి మెల్లగా వెలికి కొట్టవలెను. పాత బద్దను క్రొత్తదానిపై నుంచి రంధ్రముల గుర్తు తీసికొని బరమాతో తొలువవలెను. చివర రెండు బద్దల నడుమ సీసపు తునకయో, కొమ్ము తునకయో ఆపుగా ఉంచుదురు. ఈ ఆపు మందమే పిడికి బిగువు నిచ్చునది. ఇత్తడి తీగ ముక్కను చీలగా దూర్చి, ఇరువైపుల చిన్న బిళ్ళ వేసి, తేలికపాటి సుత్తితో అనేక పర్యాయములు తట్టి తల పరచవలెను. ఒక్క పెద్ద దెబ్బకు కొమ్ము చిట్లును. తెరచిన అలుగు తన బరువుకే ఊగిపోరాదు. మడిచినపుడు వాదర రెండు బద్దల నడిమికి దిగవలెను, దేనికిని తగులరాదు. తగిలినచో వాదరయు చెడును, పిడియు కోయబడును.

ఇంత శ్రమ యేల, క్రొత్త కత్తి కొనరాదా యని యడుగవచ్చును. క్షురకునికి గ్రామము ఇచ్చినది కళ్లములో కొలుచు మేర. చేత రొక్కము అల్పము. ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని జోలింగెన్ కత్తులు రొక్కమిచ్చి కొనవలసినవి. పిడి బాగుచేయు కమ్మరియు మేర మీద బ్రతికినవాడే. కావున పిడి మార్పు రొక్కము లేక జరుగగల పని యని నాకు తోచును. విశేష మేమనగా, షెఫీల్డు పనివారును కత్తిపిడులకు మన దేశపు గేదె కొమ్మును తెప్పించుకొనిరి. ఇచ్చటి కొమ్ము ఓడ యెక్కి పోయి, ఉక్కుతో జతపడి తిరిగి వచ్చెను!

1870 ప్రాంతమున అమెరికాలో వెలసిన సెల్యులాయిడ్ తరువాత పిడులలో ప్రవేశించెను. అది దంతమువలె తెల్లగా నుండి చవుకయైనది. కాని ముదిరినపుడు ఆమ్లపు ఆవిరి వదలి తన నడుమనున్న ఉక్కునే త్రుప్పు పట్టించును. దంతపు వ్యాపారమును వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1986, 1991 సంవత్సరములలో జరిగిన సవరణలు నిలిపివేసెను. పెంపుడు గేదె కొమ్మునకు ఆ నిషేధము లేదు.

అమెరికాలో గిల్లెట్ 1904లో పేటెంటు పొందిన మార్చెడి బ్లేడు ఇండ్లలో క్షురకత్తిని వెనుకకు నెట్టెను. ఎయిడ్స్ భయము వ్యాపించిన పిమ్మట నాయీబ్రాహ్మణ సోదరుల దుకాణములలోను ఒకరికి వాడి పారవేయు అరబ్లేడు వచ్చినది. ఆరోగ్యదృష్టితో అది మేలే. పిడి మార్చు చేతికి మాత్రము పని తప్పినది.

అటకమీది పాత పొదులలో ఇట్టి కత్తులు దొరకినచో పాత ఇనుముక్రింద అమ్మివేయవలదని చందాదారులకు మనవి. వాటిని గ్రంథాలయపు బీరువాలో, వాడినవారి పేరు వ్రాసిన చీటితో, ఉంచవచ్చును. పిడి సెల్యులాయిడ్‌ది యైనచో అలుగును విడదీసి వేరుగా దాచవలెను. కొమ్ముది యైనచో పురుగు తొలిచిన గుంటలున్నవేమో చూచి, ఏడాదికొకసారి పలుచగా నూనె రాచి, మడువకుండ ఆరబెట్టవలెను.